చందా పుస్తకం కూడా చదువే

జీవన నైపుణ్యాలు శిక్షణ కేంద్రంలో దొరుకుతాయనీ, ఊరి యూత్ సంఘంలో తిరిగితే ఉన్న చదువు కూడా పోతుందనీ ఉత్తర తెలంగాణలో ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల అయినా, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ అయినా తల్లిదండ్రులు, లెక్చరర్లు, అధికారులు దాదాపు ఒకే మాట చెబుతారు. వాళ్ల దృష్టిలో యూత్ అంటే వినాయకుడి చందాలు, డీజే, క్రికెట్ టోర్నమెంటు, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. పిల్లవాడు బాగుపడాలంటే ఆ గుంపుకు దూరంగా ఉండాలి. నలుగురిలో మాట్లాడే ధైర్యం కావాలంటే పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుకో, స్పోకెన్ ఇంగ్లిష్‌కో, ప్రభుత్వ నైపుణ్య శిక్షణకో పంపాలి. ఈ అభిప్రాయం తప్పు, అందులోనూ హాని చేసే తప్పు. పిల్లలకు కావలసిన చదువును వాళ్ల చేతిలోంచి లాక్కుని, ఆ చదువు పేరు అచ్చేసిన సర్టిఫికెట్‌ను చేతిలో పెడుతోంది.

అసలు ఆ నైపుణ్యాలేమిటో ముందు చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో పది ప్రధాన జీవన నైపుణ్యాలను గుర్తించింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించడం, కొత్తగా ఆలోచించడం, చెప్పినదాన్ని గుడ్డిగా నమ్మకుండా బేరీజు వేయడం, అనుకున్నది ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం, మనుషులతో మెలగడం, తనను తాను తెలుసుకోవడం, ఇతరుల కష్టాన్ని అర్థం చేసుకోవడం, కోపతాపాలను అదుపులో పెట్టుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. వీటిలో ఒక్కటి కూడా నోట్సు రాసుకుని గుర్తుపెట్టుకునే సమాచారం కాదు. అన్నీ చేస్తూ చేస్తూ అలవడేవే. నిర్ణయం తీసుకోవడం రావాలంటే నిజంగా తేల్చాల్సిన విషయం ఒకటి ముందుండాలి, తప్పుగా తేలిస్తే నష్టపోయేవాళ్లుండాలి. ఒప్పుకోని మనిషి ఎదురుగా కూర్చుంటే తప్ప ఒప్పించడం రాదు. శిక్షణ తరగతిలో ఒక విద్యార్థి కోపం నటిస్తాడు, ఇంకొకడు శాంతపరచినట్టు నటిస్తాడు, గంట కాగానే ఇద్దరూ కలిసి చాయ్ తాగడానికి వెళ్తారు. మర్నాడు ఆ ఇద్దరికీ మధ్య తేలాల్సిన పని ఏదీ మిగలదు. పని లేనిచోట నైపుణ్యం పుట్టదు.

బడి ఈ లోటును తీరుస్తోందా అంటే అదీ లేదు. 2023లో దేశవ్యాప్తంగా ఎంపిక చేసిన గ్రామీణ జిల్లాల్లో 14–18 ఏళ్లవారి మీద జరిగిన అసర్ సర్వేలో, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 43.3 శాతమే. ఎనిమిది, పదేళ్లు బడికి వెళ్లిన పిల్లల లెక్క ఇది. భాగహారం వాళ్లకు చెప్పలేదని కాదు. ఆ భాగహారంతో తేల్చుకోవాల్సిన అవసరం వాళ్లకు ఎవరూ కల్పించలేదు. ఇంటింటికీ ఎంత పడుతుందో, మిగిలిన డబ్బు ఎన్ని పనులకు సరిపోతుందో లెక్క తేల్చాల్సిన పిల్లవాడికి అదే భాగహారం వేరే రకంగా పట్టుబడుతుంది.

అందరూ తప్పుపట్టే వినాయక నవరాత్రులనే తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. కరీంనగర్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా చవితికి నెల రోజుల ముందే యూత్ కూర్చుంటుంది. బడి వరండానో, యూత్ బిల్డింగ్ అరుగో, హనుమాండ్ల గుడి ముందు గద్దెనో ఆ కూటానికి చోటు. మొదట పోయినేటి బాకీ లెక్క తేలాలి. తర్వాత ఇంటికి ఎంత అనుకోవాలి. అందరికీ ఒకటే పెడితే కూలికి పోయే ఇల్లు ఇవ్వలేదు, ఇష్టమొచ్చినంత అంటే పెద్ద ఇళ్లు తప్పించుకుంటాయి. ఏ వాడకు ఎవరు పోవాలన్నది ఇంకో తగువు. మాట పడని ఇంటికి ఎవరూ పోమంటారు. రసీదు పుస్తకం అచ్చు వేయించాలి, విగ్రహానికి అడ్వాన్స్ కట్టాలి. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు రాసి పోలీసులకు సమాచారం ఇవ్వాలి. కరెంటు కనెక్షన్ అడగాలి, విగ్రహం వచ్చే దారిలో తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసుకోవాలి. ఈ చివరి పనిలో ఏమరుపాటు పడ్డచోట్ల విగ్రహాన్ని తరలిస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న యువకులున్నారు. రాత్రి కాపలా వంతులు, అన్నదానానికి బియ్యం, నిమజ్జనానికి ట్రాక్టర్, ఇవన్నీ ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లలు పంచుకునే బాధ్యతలు. ఇందులో ఏ పని చెడినా తొమ్మిది రోజులు ఊరంతా చూస్తూనే ఉంటుంది. బాధ్యత అంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పే పాఠ్యపుస్తకం లేదు.

వీటన్నిటికంటే కఠినమైన పాఠం లడ్డు వేలంలో ఉంది. వేలంలో పాట పెరిగి ఒకరు గెలుస్తారు. డబ్బు మాత్రం అప్పటికప్పుడు రాదు, చాలాచోట్ల వచ్చే చవితి నాటికి కడితే చాలన్నది వాడుక. ఆ డబ్బు అడగడానికి కోశాధికారి అనే డిగ్రీ పిల్లవాడు తండ్రి వయసున్న మనిషి ఇంటికి పోవాలి. "కాకా, పోయినేటి లడ్డు పైసలు ఇంక రాలె, విగ్రహానికి అడ్వాన్స్ కట్టాలె" అని మొదలుపెడితే, "పత్తి అమ్మినంక ఇస్త బిడ్డా, యాడికి పోత" అని జవాబొస్తుంది. గట్టిగా అడిగితే చుట్టరికం చెడుతుంది, మెత్తగా వదిలేస్తే తోటివాళ్ల ముందు తలెత్తుకోలేడు. రెండోసారి పోయినప్పుడు వెంట ఎవరిని తీసుకుపోవాలి, సగమన్నా ఇప్పుడే రాబట్టాలంటే ఎట్లా అడగాలి, పొలం దగ్గర కలిస్తే మంచిదా ఇంటి దగ్గరా అన్నవి అతనే ఆలోచించుకుంటాడు. ఆ మాటల మధ్య ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పదింటిలో సగానికి పైగా నైపుణ్యాలు పనిచేస్తాయి. బ్యాంకు రికవరీ ఉద్యోగికి వారాల తరబడి శిక్షణ ఇచ్చి నేర్పే పనిని ఆ పిల్లవాడు జీతం లేకుండా, ఊరి ముందు పరువు పణంగా పెట్టి నేర్చుకుంటాడు.

ఇక్కడ ప్రత్యర్థి వాదనలో బలమైన మాట ఒకటుంది. అదే యూత్ చందా ఇవ్వనివారిని బెదిరిస్తుంది, మిగిలిన డబ్బు మందుకు పోస్తుంది, డీజే పెట్టి ముసలివాళ్లకూ పసిపిల్లలకూ నిద్ర లేకుండా చేస్తుంది, ఎన్నికలొస్తే గంపగుత్తగా ఏదో ఒక పార్టీకి అమ్ముడుపోతుంది. ఇవన్నీ జరుగుతున్నాయి, కాదనడం అబద్ధమవుతుంది. సంఘంలో మంచి నైపుణ్యాలే అలవడతాయన్న పూచీ లేదు, దౌర్జన్యమూ అక్కడే అలవడవచ్చు. కానీ దీనివల్ల తేలేదేమిటి? సంఘంలో మనిషి తయారవుతాడన్న మాట దీనితో మరింత గట్టిపడుతోంది తప్ప వీగిపోవడం లేదు. చెడు అంత గట్టిగా నేర్పగల చోటుకు మంచి నేర్పే శక్తి లేదని ఎట్లా అంటారు? తేడా ఎక్కడ వస్తోందో చూస్తే కారణం చాలా మామూలుగా కనిపిస్తుంది. లెక్క అందరి ముందు చదివే యూత్‌లో డబ్బు మందుకు పోవడం కష్టం. ఏటా అధ్యక్షుడు మారే యూత్‌ను పార్టీ నాయకుడు కొనడం కష్టం, ఎందుకంటే ఈ ఏడు కొన్న మనిషికి వచ్చే ఏడు మాట చెల్లదు. లెక్క చదవని, పదవి మారని యూత్‌లే ఊరికి బరువవుతున్నాయి. ఆ రెండు లోపాలకు మందు రెండు నియమాలు. యూత్‌నే మూసేయాలనడం రోగం కుదరలేదని రోగిని వెలివేయడం లాంటిది.

ఈ నియమాలు లేకపోతే పెద్దవాళ్ల సంస్థలు కూడా ఎట్లా తయారవుతాయో చూడడానికి దూరం పోనక్కర్లేదు. నిర్మల్, జగిత్యాల ప్రాంతాల్లోని గ్రామాభివృద్ధి కమిటీలు, అందరూ వీడీసీలని పిలిచేవి, గుడి కట్టిన, రోడ్డు వేసిన మంచి పనులకు పేరుపడ్డవే. కానీ చట్టంలో చోటు లేని ఈ కమిటీలు కొన్ని ఊళ్లలో మద్యం అమ్మే హక్కును వేలం వేశాయి, జరిమానాలు విధించాయి, మాట వినని కుటుంబాలను, కొన్నిచోట్ల మొత్తం కులాలనే వెలివేశాయి. పోలీసు కేసులూ నమోదయ్యాయి. అక్కడ కూర్చున్నవాళ్లు యూత్ పిల్లలు కారు, ఊరి పెద్దమనుషులు. యువకులను సంఘాలకు దూరం పెట్టి పెద్దల మీద వదిలేస్తే ఊరు బాగుంటుందన్న నమ్మకానికి ఈ కమిటీలే జవాబు. పద్దెనిమిదేళ్లప్పుడు తన యూత్‌లో లెక్క అడగడం నేర్చుకున్నవాడు నలభై ఏళ్లప్పుడు వీడీసీలోనూ లెక్క అడుగుతాడు. ఎప్పుడూ అడగనివాడు ఆ వయసులో కొత్తగా అడగడు.

సంఘం అన్న మాట వింటేనే ఉలిక్కిపడే అలవాటుకు ఈ జిల్లాల్లో ప్రత్యేకమైన చరిత్ర ఉంది. నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 పేరుతో సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. ఆ కట్టడి నడుమనే తెలంగాణ యువకులు గ్రంథాలయాలు పెట్టారు, ఆంధ్ర మహాసభలు జరిపారు. మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన నాలుగో మహాసభ 1935లో సిరిసిల్లలోనే జరిగింది. తీర్మానం రాయడం, ప్రతిపాదించడం, బలపరచడం, వ్యతిరేకించినవారి మాట కూడా వినడం ఒక తరం ఆ వేదికల మీద నేర్చుకుంది. వాళ్లకెవరూ ఉపన్యాస కళ మీద శిక్షణ ఇవ్వలేదు. తర్వాత 1978 సెప్టెంబర్‌లో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, అక్టోబర్‌లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజనుల మీద కాల్పులు జరిగాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా కొడుకు సంఘంలో తిరుగుతున్నాడంటే తల్లికి అన్నం సయించేది కాదు. ఒకవైపు పోలీసులు, మరోవైపు నక్సలైట్ల దళాలు. పిల్లల్ని ఇంట్లో కట్టేసుకున్న ఆ తరం తల్లిదండ్రులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ పరిస్థితి పోయింది, భయం మాత్రం అలవాటుగా మిగిలింది. నలుగురు యువకులు కూర్చుని ఊరి విషయం మాట్లాడుకునే చోటు ఖాళీ అయితే ఆ ఖాళీలోకి బెల్టు షాపు వచ్చింది, పార్టీల యువజన విభాగాలు వచ్చాయి. వీటిని చూపించి యూత్ అంటే ఇంతే అనడం అన్యాయం.

ప్రభుత్వాలు సంఘాలను వద్దనలేదు. ఇంకో రకంగా పాడుచేశాయి. స్వాతంత్ర్య రజతోత్సవాల సందర్భంగా 1972లో 42 జిల్లాల్లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాలు 1987లో స్వయంప్రతిపత్తి గల సంఘటన్‌గా మారాయి. పల్లెల్లో యువజన సంఘాలు ఉండాలన్న ఆలోచనను ఇన్నేళ్లు బతికించిన గొప్పదనం ఆ సంస్థదే. వాలీబాల్ కిట్టు, క్యారమ్ బోర్డు అందని ఊళ్లకు అందించింది కూడా. కానీ పనికి కొలమానం జరిపిన కార్యక్రమాల సంఖ్య, హాజరు పట్టీ, బ్యానర్ ముందు ఫొటో అయినప్పుడు సంఘం పని చేసేది కాకుండా పోయి, అధికారి ఉపన్యాసానికి శ్రోతలను సమకూర్చేదిగా మిగిలింది. ఉమ్మడి రాష్ట్రంలో 1990ల చివర యువశక్తి పథకం కింద సబ్సిడీ రుణాల కోసం బృందాలు కట్టించారు. డబ్బు కోసం కలిసినవారు డబ్బు పంచుకోగానే విడిపోవడంలో ఆశ్చర్యం లేదు. 2015 జూలై 15న మొదలైన స్కిల్ ఇండియా చూపంతా ఉద్యోగానికి పనికొచ్చే ఒక్కో నైపుణ్యం మీద, ఒక్కో అభ్యర్థి మీద ఉంది. 2023 అక్టోబర్ 31న ప్రారంభమైన మేరా యువ భారత్‌లో యువకుడు ఫోన్‌లో తన పేరు తాను నమోదు చేసుకుంటాడు. వ్యక్తి నమోదు కావడం మంచిదే. అయితే పక్కవాడితో తగువు పడి, సర్దుకుని, కలిసి పని ముగించే సంఘం ఆ నమోదులో ఎక్కడా కనిపించదు, జీవన నైపుణ్యమంతా ఆ తగువులో, ఆ సర్దుబాటులో ఉంది.

రాష్ట్రంలో 2022లో మొదలుపెట్టిన క్రీడా ప్రాంగణాలు సంఘాన్ని పక్కన పెట్టే ఈ పొరపాటుకు కంటికి కనిపించే రుజువు. ఊరూరా స్థలం చూసి, బోర్డు పెట్టి, ఇనుప బార్లు పాతారు. చాలాచోట్ల ఆ స్థలం ఊరికి దూరంగా, రాళ్లలోనో వాగు పక్కనో ఉంది. ఏడాది తిరిగేలోగా కొన్ని గడ్డి మొలిచి పశువుల మేతకు పనికొచ్చాయి. ఆడేవాళ్లు లేక కాదు, అదే ఊరి యువకులు కోసిన వరిమళ్లలో వికెట్లు పాతుకుని ఆడుతూనే ఉన్నారు. స్థలం ఎక్కడుండాలో వాళ్లను అడగలేదు, ఇచ్చాక దాని బాగోగులు వాళ్లకు అప్పగించలేదు. పని, నిర్ణయం పెద్దల దగ్గరే ఉంచుకుని, పిల్లలకు బాధ్యత లేదని నిందించడం న్యాయం కాదు.

సంఘపు పని మనిషిని ఎట్లా తీర్చిదిద్దుతుందో ఆదిలాబాద్ గూడేలు ఏ పథకమూ పుట్టక ముందే చూపించాయి. దీపావళి వచ్చే రోజుల్లో గోండు, కొలాం గూడేల నుంచి దండారి బృందాలు బయల్దేరుతాయి. గుస్సాడీలనే నృత్యకారులు నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని, నియమంగా ఉంటారు. ఒక గూడెం బృందం ఇంకో గూడేనికి అతిథిగా పోతుంది, అక్కడివాళ్లు ఎదురొచ్చి ఆదరించి అన్నం పెడతారు. చూసేవారికి అందులో ఆటపాటలే కనిపిస్తాయి. దాని వెనుక ఉన్న ఏర్పాటు పెద్దది. ఏ ఊరికి ముందు పోవాలి, పోయినేడు మన ఊరికి వచ్చినవారికి బదులు ఎట్లా తీర్చాలి, వాయిద్యాలు ఎవరు మోయాలి, చిన్నపిల్లల్ని ఎవరు కనిపెట్టుకోవాలి, అతిథుల ఊళ్లో ఎవరైనా మాట తూలితే ఎవరు సర్దిచెప్పాలి అన్నవన్నీ ముందే అనుకోవాలి. కుర్రవాడు మొదట వెంట నడిచి చూస్తాడు, తర్వాత వాయిస్తాడు, ఆ తర్వాత గుస్సాడీ అవుతాడు, చివరికి బృందాన్ని నడిపిస్తాడు. ఈ మెట్లన్నీ చేస్తూ ఎక్కేవే. మార్లవాయికి చెందిన కనక రాజు ఆ దారినే నడిచి వందల మంది యువకులకు గుస్సాడీ నేర్పారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబర్‌లో కన్నుమూశారు.

కేస్లాపూర్ నాగోబా జాతర ఇంకో ఉదాహరణ. పుష్య అమావాస్యకు ముందు గోండుల్లోని మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం జన్నారం మండలంలోని హస్తిన మడుగుకు కాలినడకన పోయి వస్తారు. దారి, విడిది, వంట, వంతులు అన్నీ వాళ్లే చూసుకుంటారు. అదే వంశం తమ కుటుంబాల చందాలతో కొత్త నాగోబా ఆలయాన్ని రాతితో కట్టించుకుని 2022 డిసెంబర్‌లో విగ్రహ ప్రతిష్ఠ జరిపింది. డబ్బు పోగుచేయడం, ఏళ్ల తరబడి పని విడవకుండా చూడడం, లెక్క ఒప్పజెప్పడం అక్కడ జరిగాయి. ఇటువంటి సమాజంలో పెరిగిన పిల్లవాడు పట్నం కాలేజీలో మౌనంగా కూర్చుంటే అతనికి జీవన నైపుణ్యాలు లేవని రాసేస్తారు. అతని నైపుణ్యాలకు ఆ తరగతి గదిలో పని దొరకలేదన్నది అసలు నిజం.

అంబేద్కర్ యూత్‌ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. కులం పేరుతో సంఘాలేమిటి, ఊరు చీలుతుంది కదా అన్నది తరచుగా వినిపించే ఆక్షేపణ. ఊరు ఆ సంఘాల వల్ల చీలలేదు, ఎన్నో తరాల కిందే చీలింది. దళిత వాడల యువకులు చాలామంది మొదటిసారి మైకు పట్టుకున్నది ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి నాడు. శ్మశాన స్థలం కోసమో, హాస్టల్ సీటు కోసమో, భూమి పట్టా కోసమో అర్జీ రాసి, సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్ వరుసలో నిలబడి, ఇచ్చిన కాగితానికి రసీదు అడిగి తీసుకోవడం నేర్చుకున్నది ఆ సంఘంలోనే. ఆఫీసులో గుమాస్తా "రేపు రా" అన్నప్పుడు ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరిని కలవాలి అని నిలదీసి అడగడం వాళ్లకు పుస్తకంలో దొరకలేదు. ఈ చదువును కులతత్వమని కొట్టిపారేసేవారు ఆ యువకులకు అంతకంటే మంచి వేదిక ఊళ్లో ఎక్కడ చూపించారో చెప్పాలి.

సంఘమే బడి అన్న మాటకు పెద్ద సాక్ష్యం ఆడవాళ్ల పొదుపు సంఘాలు. వారం వారం సమావేశం, పొదుపు, అప్పులివ్వడం, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం అనే పంచసూత్రాల మీద అవి నడిచాయి. వేలిముద్ర వేసే స్త్రీలు గ్రామైక్య సంఘంలో, మండల సమాఖ్యలో కూర్చుని బ్యాంకు మేనేజరుతో వడ్డీ గురించి వాదించే స్థితికి వచ్చారు. వాళ్లలో ధైర్యం పెంచిన తరగతులు పొదుపు పుస్తకం చుట్టూ జరిగిన సమావేశాలే. అంతకు ముందే పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి 1956లో సహకార బ్యాంకును స్థాపించారు. రైతులు తమ సంస్థను తామే నడుపుకోగలరని అది నిరూపించింది. ఆ ఊళ్లోనే తర్వాత వచ్చిన మహిళా డెయిరీలో సభ్యులూ పాలకవర్గమూ ఆడవాళ్లే. తల్లులు సంఘంలో నేర్చుకున్నారని గర్వంగా చెప్పుకునే ఊరు, కొడుకులు, కూతుళ్లు సంఘంలో నేర్చుకుంటామంటే అడ్డుపడడం ఏ తర్కానికీ నిలవదు.

ఈ ఆలోచన వేరే దేశాల్లోనూ పరీక్షకు నిలిచింది. అమెరికాలో ఓహాయో రాష్ట్రంలో ఎ.బి.గ్రాహమ్ 1902లో ప్రారంభించిన పిల్లల సంఘమే తర్వాత ఫోర్-హెచ్ ఉద్యమానికి మూలమని చెబుతారు. కొత్త విత్తనాన్ని, కొత్త పద్ధతిని పెద్ద రైతులు నమ్మకపోతే పిల్లలు తమ చిన్న మడిలో వేసి పండించి చూపించారు. జాన్ డ్యూయీ 1938లో అనుభవం, విద్య గురించి రాసిన పుస్తకంలో ప్రతి అనుభవమూ విద్య కాదనీ, కొన్ని అనుభవాలు మనిషి ఎదుగుదలను అడ్డుకుంటాయనీ హెచ్చరించాడు. యూత్‌లకు ఆ హెచ్చరిక బాగా వర్తిస్తుంది. పని అయిపోయాక కూర్చుని ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది, వచ్చేసారి ఏం మార్చాలి అని మాట్లాడుకోని సంఘం పదేళ్లు ఒకే తప్పు చేస్తుంది. నిమజ్జనం అయిన వారానికి పెట్టుకునే ఒక్క సమావేశం, మినిట్స్ పుస్తకంలో ఆ సమావేశపు రెండు పేజీలు ఏ వర్క్‌షాపు కంటే విలువైనవి.

పండుగకే పరిమితమైన యూత్ సగం బడి. ఏడాది పొడవునా నడిచే పని ఒకటి తలకెత్తుకున్నప్పుడే అది పూర్తి బడి అవుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలకు సరిపోయే పని గల్ఫ్ వలస చుట్టూ ఉంది. దుబాయి, సౌదీ, ఖతర్ పోయే యువకుడు ఏజెంటు మాట మీద అప్పు చేసి లక్షలు కడతాడు. విజిట్ వీసా మీద పంపి మోసం చేసిన కథలు ప్రతి మండలంలో ఉన్నాయి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది. ఊరి యూత్ ఒక రిజిస్టర్ పెట్టి, పోవాలనుకునే ప్రతివాడి వీసా రకం, ఒప్పందంలో రాసిన జీతం, పని పేరు, ఏజెంటు లైసెన్సు నంబరు చూసి రాసుకోవచ్చు. తిరిగొచ్చినవారిని పిలిచి పోయేవారితో మాట్లాడించవచ్చు. ఈ పనిలో పడ్డ ఇంటర్ పిల్లవాడికి ఒప్పందం చదవడం వస్తుంది, తియ్యటి మాటను అనుమానించడం వస్తుంది, ఆశతో ఉన్న అన్నకు కాదని చెప్పడం ఎంత కష్టమో తెలుస్తుంది. రేపు తాను పోవాల్సి వచ్చినా, పోకూడదని తేల్చుకోవాల్సి వచ్చినా, ఆ తెలివి అతన్ని కాపాడుతుంది.

వరద ముప్పు ఉన్న ఊళ్లకు ఇంకో పని. 2022 జూలైలో కడెం ప్రాజెక్టును వరద ముంచెత్తి దిగువ గ్రామాలను రాత్రికి రాత్రి ఖాళీ చేయించాల్సి వచ్చింది. అట్లాంటి వేళ ఏ ఇంట్లో నడవలేని ముసలమ్మ ఉంది, ఎవరు నిండు చూలాలు, ట్రాక్టర్ ఎవరి దగ్గరుంది అన్న జాబితా ఏ శాఖ దగ్గరా సిద్ధంగా ఉండదు. వానాకాలానికి ముందు ఇంటింటికీ తిరిగి ఆ జాబితా రాయడం యూత్‌కు రెండు ఆదివారాల పని. పోటీ పరీక్షలకు చదువుకునేవారికి పఠన గది, బడి మానేసిన పిల్లల్ని తిరిగి చేర్పించడం లాంటి పనులు ప్రతి ఊరికీ తెలిసినవే.

ఈ వ్యవహారమంతటిలో యూత్‌ల పక్షాన వాదించేవారు కూడా సమర్థించలేని లోపం ఒకటే. పల్లెల్లో యూత్ అంటే మగపిల్లలు. ఆడపిల్ల పేరు సభ్యత్వ పుస్తకంలో ఉండదు, గద్దె దగ్గర ఆమె కూర్చునే చోటు లేదు. సాయంత్రం సమావేశానికి పంపరు, రాత్రి అసలే పంపరు. బతుకమ్మ తొమ్మిది రోజులు వాడవాడనూ కూడగట్టి, పువ్వు తెప్పించి, పాట నేర్పి, ఆట నడిపే శక్తి ఉన్న అమ్మాయిలు ఊరి సంఘంలో లెక్కకే రారు. ఈ చదువు నిజమైనదైతే దాన్ని సగం మందికి అందకుండా చేయడం చిన్న తప్పు కాదు. దీన్ని ఉపన్యాసంతో సరిచేయలేం. సమావేశం రాత్రి గద్దె మీద కాకుండా ఆదివారం పగలు బడి ఆవరణలో పెడితే అమ్మాయిలు వస్తారు. నగదు పుస్తకం అమ్మాయి చేతిలో ఉంటే పెద్దలు కూడా పంపడానికి జంకరు, పొదుపు సంఘంలో పుస్తకం రాసే తల్లి ఇంట్లోనే ఉంది కదా. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చాలు సంఘం నమోదు చేసుకోవడానికి. ఆ ఏడుగురిలో ముగ్గురైనా అమ్మాయిలు ఉండాలనీ, పదవులు ఏటా మారాలనీ, జమాఖర్చులు గ్రామసభలో చదవాలనీ నియమావళిలో రాసుకున్న యూత్‌కు పంచాయతీ తన ఖాళీ గది తాళాన్ని, క్రీడా ప్రాంగణం నిర్వహణను అప్పగించాలి. ఏడాది తిరిగేసరికి లెక్క చదవని యూత్ దగ్గర్నుంచి రెండింటినీ వెనక్కి తీసుకోవాలి.